కళ్లు మూసుకున్నా తెలిసే డబ్బా

మేం అమ్మేవి రెండే సరుకులు. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడు, శీకాయ కలిపిన పొడి. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా మేడ మీది గదే ఆఫీసు. పిండి ఆడించడం, డబ్బాల్లో నింపడం మాత్రం లైసెన్సు ఉన్న యూనిట్‌లో చేయిస్తాం. అమ్మకానికి చేసే ఇలాంటి సరుకుకి అది తప్పదు, ఆ కాగితాల సంగతి ఇక్కడ రాయను. రాయాలనుకున్నది వేరే. ఈ రెండు సరుకుల్నీ మొదటి నుంచీ చివరిదాకా చేతి స్పర్శని బట్టి ఎలా తయారుచేసుకున్నామన్నది.

డబ్బాలు మార్చుదామని అనుకున్నప్పుడు డిజైన్ చేసే అబ్బాయి కంప్యూటర్లో బొమ్మలు గీసి పంపాడు. ఒకేలాంటి రెండు డబ్బాలు, ఒకదానికి పసుపు లేబులు, ఇంకోదానికి ముదురు గోధుమరంగు లేబులు. ఇంట్లో అందరికీ నచ్చాయి. మా ఆడపడుచుకి పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది. మా మాటలన్నీ విని, "అంతా బావుంది గానీ వదినా, రెండూ ఒకే డబ్బా అంటున్నారు. బాత్రూములో ఏది దేనికో నాకెలా తెలుస్తుంది?" అంది. అత్తయ్య వెంటనే అందుకుంది. "నీకే కాదే, ఎవరికి తెలుస్తుంది? నెత్తిన కుంకుడు పులుసు పోసుకున్నాక కళ్లు తెరిచేదెవరు? చెంబు ఎక్కడుందో తడుముకోవడమే గదా అందరం."

ఆ మాట నన్ను వదల్లేదు. మా సరుకు వాడేది తలుపు వేసుకున్న గదిలో, తడి చేత్తో, చాలాసార్లు నూనె చేత్తో, సగంసేపు మూసిన కళ్లతో. అలాంటప్పుడు కంప్యూటర్ తెరమీద రంగులు చూసి డబ్బా ఎంచుకోవడంలో అర్థం లేదనిపించింది. ఇక ప్రతి నిర్ణయమూ ముందు చేత్తో చేసి, ఆ తర్వాతే కంటికి వదలాలని అనుకున్నాం.

మొదలుపెట్టింది డబ్బాతో కాదు, పిండితో. సున్నిపిండికి పరిమళం ఎంత ముఖ్యమో బరక అంతకన్నా ముఖ్యం. ఒంటిమీద రుద్దితే ఏదో పని జరుగుతున్నట్టు తెలియాలి, గీసుకుపోకూడదు. పూర్ణామార్కెట్ కొట్లలో కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు తెచ్చుకుని, పెసలు ఎండబెట్టి, అన్నీ కలిపి మర ఆడించేవాళ్లు అత్తయ్యవాళ్లు. ఎంత బరకగా ఉండాలో ఆవిడ చిటికెడు పిండి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చెప్పేస్తారు. ఆ లెక్కని యూనిట్ వాళ్లకి చెప్పాలంటే మాత్రం జల్లెడ నంబరు కావాలి. నంబరంటే అంగుళానికి ఎన్ని కన్నాలు ఉన్నాయని. 40 నంబరు జల్లెడలో సుమారు 400 మైక్రాన్ల రవ్వ దాకా దిగుతుంది, 60లో 250, 80లో 180, 100లో 150. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను.

నాలుగు జల్లెళ్ల పిండీ విడివిడిగా గిన్నెల్లో పోసి అత్తయ్య ముందు పెట్టాను. 40 గిన్నెలో వేలు పెట్టగానే, రుద్దకుండానే, "ఇది రవ్వ" అన్నారు. 100 గిన్నెలో పెడితే వేలు కదిపేదాకా ఏమీ అనలేదు. కదిపాక, "ఇది మొహానికి" అన్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో తర్వాత చదువుకుంటే తెలిసింది. మన చర్మం గరుకుని రెండు దారుల్లో పట్టుకుంటుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కాట్జ్ 1925లోనే చెప్పాడు. పెద్ద గరుకు వేలు ఆనించి ఉంచినా తెలుస్తుంది, ఎందుకంటే గింజ గింజా చర్మాన్ని విడిగా నొక్కుతుంది. సన్నటి గరుకు అలా తెలియదు. వేలు కదిలితే పుట్టే సన్నని కంపనాన్ని చర్మం లోతులో ఉండే పసినియన్ గ్రాహకాలనే నరాల కొసలు అందుకుంటాయి. ఈ రెండు దారులూ విడిపోయేది దాదాపు 200 మైక్రాన్ల దగ్గర అని తర్వాతి పరిశోధనలు చెబుతాయి. ఆ ప్రయోగాలు గట్టి ఉపరితలాల మీద చేసినవి, వదులుగా ఉన్న పిండి మీద కాదు. అయినా 60 గిన్నె దాకా వేలు ఆనించగానే, 80 నుంచి కదిపాకే చెప్పిన అత్తయ్య వేళ్లు 60కీ 80కీ మధ్యే గీత గీశాయి, అంటే సరిగ్గా 250కీ 180కీ మధ్య. చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పిండిని నలిపి చూసేది వేలితో, వాడేది వీపు మీద, చేతుల మీద. వేలి కొస మీద రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో రెండు మొనలు ఆనిస్తే రెండుగానే తెలుస్తాయి. వీపు మీద నాలుగు సెంటీమీటర్ల దూరంలో పెట్టినా ఒకటిగానే అనిపించవచ్చు. కొట్లో వేళ్లతో చూసి "బాగా మెత్తగా ఉంది" అని కొన్నది వీపు మీద రుద్దితే ఏమీ తెలియదు. అందుకే మా పరీక్షలన్నీ మోచేతి లోపలివైపు చర్మం మీదా, మెడ మీదా చేశాం. పొడిగా ఒకసారి, నీళ్లు కలిపి ఒకసారి, నువ్వులనూనె రాసుకున్నాక ఒకసారి. నీళ్లు కలిపితే శనగపిండి వేళ్లకి అంటుకుని లాగుతుంది, పెసరపిండి జారుతుంది. నూనె మీద రెండూ ఉండలు కట్టి రాలతాయి, అలా రాలేటప్పుడే మురికి వదులుతున్నట్టు అనిపిస్తుంది. జనానికి కావలసింది ఆ అనుభూతే. చివరికి 80లో దిగిన పెసరపిండి మూడొంతులు, 40లో దిగి 60 మీద మిగిలిన పెసర రవ్వ ఒక వంతు అని తేల్చుకున్నాం. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు అడిగితే రవ్వ లేనిది విడిగా ఇస్తాం.

ఇక డబ్బా. పేపరు పౌచ్ పెట్టుకోమని చాలామంది చెప్పారు. ఈమధ్య "సహజం" అని రాసిన ప్రతి సరుకూ మట్టిరంగు క్రాఫ్ట్ పేపరులోనే వస్తోంది. పట్టుకుంటే గరుకుగా, పల్లెటూరి సరుకులా అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ గరుకు పైపొరదే. పిండి తేమ పట్టకుండా ఉండటానికి లోపల ప్లాస్టిక్ పొరో, రేకు పొరో అంటించక తప్పదు. మన ఊళ్లో అయితే మరీను. అప్పూఘర్ వైపు నుంచి వచ్చే సముద్రపు గాలికి మా బాల్కనీ ఊచలు ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. వర్షాకాలంలో మేడ మీద వదిలేసిన క్రాఫ్ట్ పేపరు పౌచ్ నాలుగు రోజుల్లో మెత్తబడి, చేతికి తడి గుడ్డలా తగిలింది. బాత్రూములో దాని గతి చెప్పనక్కర్లేదు. చేతికి ఒక మాట చెప్పి లోపల ఇంకోటి పెట్టడం నాకు ఇష్టం లేదు.

డబ్బాలు అమ్మే వ్యాపారి రెండు గోడల యాక్రిలిక్ డబ్బా చూపించాడు. "బరువుగా ఉంటే ఖరీదైన సరుకు అనుకుంటారు మేడమ్" అన్నాడు. అది ఊరికే అన్న మాట కాదు. 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, బరువైన క్లిప్‌బోర్డు చేతిలో ఉన్నవాళ్లు అందులోని దరఖాస్తుదారుణ్ణి ఇంకాస్త మెరుగైనవాడిగా లెక్కగట్టారని తేలింది. బరువు ప్రభావం మీద తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసిచూస్తే అలాంటి ఫలితం రాలేదు. ఆ వివాదం ఎలా ఉన్నా, ఆ డబ్బా చూడటానికి పెద్దది, లోపల పట్టేది తక్కువ. మా అత్తయ్యలాంటి వాళ్లు మూత తీయగానే ముందు చూసేది పిండి ఎంతవరకు ఉందనే. వద్దన్నాను.

గాజు జారితే పగులుతుంది. నిగనిగలాడే పెట్ ప్లాస్టిక్ డబ్బా తడి చేతిలో నిలవదు. ఆఖరికి తీసుకున్నది మామూలు తెల్లటి హెచ్‌డీపీఈ రకం ప్లాస్టిక్ డబ్బా, పైన మెరుపు లేనిది. పట్టుకుంటే కొద్దిగా మైనం తగిలినట్టు ఉంటుంది, నూనె చేతిలోనూ నిలుస్తుంది. మూతకి చుట్టూ లోతైన గాట్లు ఉన్నదే ఎంచుకున్నాం. కీళ్లనొప్పులున్న అత్తయ్య తడి చేత్తో తిప్పగలిగితేనే ఆ మూత పాసయినట్టు. సొంతంగా అచ్చు చేయించాలంటే లక్షలు కావాలి, మా స్థోమతకి అది మించిన పని. కాబట్టి రెండు సరుకులకీ అదే డబ్బా, అదే మూత. మా ఆడపడుచు అడిగిన ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

దానికి జవాబు జపాన్‌లో దొరికింది. కావో అనే కంపెనీ 1991లో షాంపూ సీసా పక్కన ఉబ్బెత్తు గాట్లు పెట్టింది, కండిషనర్ సీసాని నున్నగానే వదిలేసింది. ఆ ఆలోచన మీద హక్కులు పట్టుకుని కూర్చోకుండా మిగతా కంపెనీలన్నీ వాడుకోమంది. అందుకే ఇప్పుడు అక్కడ దాదాపు ఏ కంపెనీ షాంపూ సీసా అయినా చేత్తో పోల్చుకోవచ్చు. అమెరికాలో హెర్బల్ ఎసెన్సెస్ వాళ్లు తర్వాత చాలాకాలానికి షాంపూకి నిలువు గీతలు, కండిషనర్‌కి చుక్కలు పెట్టారు. స్పర్శ, బ్రాండు అనగానే చాలామందికి గుర్తొచ్చేది కోకకోలా సీసా. 1915లో ఆ కంపెనీ సీసాల తయారీదార్లని కోరింది, చీకట్లో తడిమినా ఇది మా సీసాయేనని తెలియాలని. గొప్ప పనే. కానీ అది "నన్ను గుర్తుపట్టు" అని అడిగే స్పర్శ. కావో గాట్లు వాడే మనిషి అవసరాన్ని చూసుకుంటాయి. నాకు రెండోదే పెద్దదనిపిస్తుంది. కాబట్టి తలకి వాడే దానికే గీతలు పెట్టాం. ఉన్న పద్ధతినే పాటిస్తే, రేపు మన దగ్గరా మిగతావాళ్లు మొదలుపెడితే అందరికీ ఒకటే గుర్తు ఉంటుంది.

గీతలు మూత మీద పెడదామన్నాడు డిజైన్ అబ్బాయి. మా ఆడపడుచు ఒప్పుకోలేదు. "బాత్రూములో రెండు మూతలూ తీసి పక్కన పెడతాం. మళ్లీ పెట్టేటప్పుడు మారిపోతే?" నిజమే, మూత మారితే గుర్తు అబద్ధం చెబుతుంది. డబ్బా ఒంటి మీదే ఉండాలి. ఒక పక్కనే ఉంటే ఆ పక్క దొరికేదాకా తడమాలి, కాబట్టి చుట్టూ ఉండాలి. అడ్డంగా వడ్డాణంలా చుట్టి వచ్చే గీతలైతే ఎటునుంచి పట్టుకున్నా వేళ్ల కిందికి వస్తాయి, డబ్బా ఎత్తేటప్పుడు చేయి జారకుండానూ పట్టు దొరుకుతుంది.

లేబుల్ ప్రింటింగ్ డాబాగార్డెన్స్‌లో ఒక ప్రెస్సుకి ఇచ్చాం. కాగితం లేబుల్ తడికి నిలవదు గనక పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ తీసుకున్నాం. దానిమీద గీతలు ఉబ్బెత్తుగా రావాలి. మొదట మామూలు స్పాట్ యూవీ, అంటే కావలసిన చోట మాత్రమే వేసే వార్నిష్ పూత, వేసి చూపించారు. పొడి చేతికి తెలిసింది. నూనె చేత్తో పట్టుకుంటే మాయమైపోయింది. నూనె పొర ఆ సన్నటి ఎత్తుని పూడ్చేసింది. ఇంకా మందంగా కావాలంటే ప్రెస్సాయన, "ఇంత చిన్న తేడా ఎవరికి తెలుస్తుంది మేడమ్?" అన్నారు. స్టాక్‌హోమ్‌లో 2013లో చేసిన ఒక ప్రయోగం గురించి చెప్పాను. నున్నటి ఉపరితలం మీద కేవలం 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతలని కూడా, వేలు జరుపుతూ చూసినవాళ్లు పోల్చగలిగారు. నానోమీటరంటే మైక్రానులో వెయ్యో వంతు. వేలికి తెలివి లేక కాదు, మధ్యలో నూనె అడ్డం వస్తుంది, దాన్ని దాటేంత ఎత్తు కావాలి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే స్క్రీన్ ప్రింటింగ్‌లో కొట్టాలి, రేటు పెరుగుతుంది" అన్నారు. పెరిగింది. ఒప్పుకున్నాం. ఆయన్ని మెచ్చుకోవాలి, ఆ తర్వాత ప్రతి శాంపిలూ కళ్లు మూసుకుని తనే ముందు తడిమి చూసి పంపేవారు.

ఎత్తు ఎంతుండాలన్నది మా ఆడపడుచే తేల్చింది. బ్రెయిల్ చుక్క దాదాపు అర మిల్లీమీటరు ఎత్తు ఉంటుంది. అంత అక్కర్లేదంది, గీత పొడుగ్గా ఉంటుంది కాబట్టి తక్కువ ఎత్తయినా దొరుకుతుందట. గీతల మధ్య ఎడం మాత్రం బాగా ఉండాలని పట్టుబట్టింది. దగ్గరగా ఉంటే నూనె చేతికి అన్నీ కలిసి ఒకే గరుకు పట్టీలా తెలుస్తున్నాయి. అప్పుడే తన పర్సులోంచి కరెన్సీ నోట్లు తీసి నా చేత్తో తడిమించింది. కొత్త నోట్ల రెండు అంచుల మీదా ఏటవాలు గీతలుంటాయి, వందకి నాలుగు, ఐదువందలకి ఐదు, రెండువందలకి నాలుగు గీతలూ వాటి మధ్య రెండు సున్నాలూ. కొత్త నోటు మీద చక్కగా తగిలాయి. చేతులు మారి నలిగిన నోటు మీద నాకు ఏమీ దొరకలేదు. "చూశావా, కొత్తగా ఉన్నప్పుడు అన్నీ బావుంటాయి. నాలుగున్నాయా ఐదున్నాయా అని లెక్కపెట్టుకునే పని ఎవరికీ పెట్టకు" అంది.

ఆ మాట ప్రకారమే సున్నిపిండికి రెండు గీతలు, తలపొడికి మూడు అనే ఆలోచన కొట్టేశాం. ఒకదాని మీద గీతలున్నాయి, ఇంకోదాని మీద లేవు, అంతే. అరుగుదల చూడటానికి శాంపిల్ డబ్బాలని మా బాత్రూములోనే పెట్టి రోజూ సబ్బు నీళ్లతో తోమాం. ఒక రకం వార్నిష్ అంచుల దగ్గర పెచ్చులూడింది, దాన్ని వదిలేశాం.

ఆ పరీక్షల్లోనే ఇంకొకటి బయటపడింది. లేబుల్ చుట్టి అతికించాక రెండు అంచులూ కలిసేచోట సన్నటి గట్టు లేస్తుంది. కంటికి కనిపించదు. కళ్లు మూసుకుని పట్టుకుంటే ప్రతిసారీ వేలు అక్కడే ఆగుతుంది, గోరు అక్కడే గీరుతుంది. కొన్నాళ్లకి ఆ గీరుడుకే లేబుల్ ఊడుతుంది. అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా, మధ్యలో వెంట్రుకవాసి సందు వదిలి అతికించడం మొదలుపెట్టాక ఆ గోల పోయింది. తెరమీద డిజైన్ ఎంతసేపు చూసినా ఇది దొరికేది కాదు.

పెళ్లిళ్ల కోసం ఒక ప్రత్యేకమైన సెట్టు కూడా చేశాం. నలుగు పెట్టేటప్పుడు సున్నిపిండి హాల్లో, పదిమంది మధ్య పళ్లెంలో ఉంటుంది, బాత్రూములో కాదు. అక్కడ ప్లాస్టిక్ డబ్బా బావుండదు. అందుకని ఏటికొప్పాక వెళ్లాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రని లేత్ మిషను మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకే రంగు లక్క కడ్డీని ఆనిస్తే ఆ వేడికి లక్క కరిగి పరుచుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమి రుద్దితే నునుపు వస్తుంది. కుంకుమ భరిణెలు వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు, మాకు కావలసింది అందులో కాస్త పెద్దది. చేసిపెట్టిన పెద్దాయన మిషను ఆపి, భరిణె మూత అంచు మీద నా బొటనవేలు పెట్టించి, "ఇదిగో, ఇక్కడ పట్టు. తగుల్తాందా?" అన్నారు. నాకు ఏమీ తగల్లేదు. "నాకు తగుల్తాంది" అని మళ్లీ తిప్పి ఆకు పెట్టారు. రెండోసారి పట్టుకుంటే తేడా తెలిసింది. అంతకుముందు అక్కడ ఏదో ఉందని, అది పోయాకే అర్థమైంది. మూత బిగుతు కూడా ఆయనే కుదిర్చారు. తీసేటప్పుడు కొద్దిగా పట్టి, గాలి వదులుతూ వచ్చేలా. లక్క మీద నీళ్లు నిలిస్తే తెల్లబారుతుంది కాబట్టి దీన్ని బాత్రూములో పెట్టొద్దని లోపల చీటీ వేస్తున్నాం.

అమ్మేచోట కూడా చేతికే మొదటి చోటు ఇచ్చాం. స్టాల్ పెట్టినప్పుడల్లా ముందు వరసలో డబ్బాలు పెట్టం. ఒక వెడల్పాటి గిన్నెలో పిండి, చిన్న మగ్గులో నీళ్లు, తుడుచుకోవడానికి తువ్వాలు. జనం ధర అడగకముందే చిటికెడు తీసుకుని నలుపుతారు, మోచేతి మీద రుద్దుకుంటారు, పక్కవాళ్ల చేతిమీద కూడా రుద్దుతారు. వస్తువుని కాసేపు చేత్తో పట్టుకుంటే చాలు, అది మనదే అన్న భావం పెరుగుతుందని అమెరికాలో జోన్ పెక్, సుజాన్ షు 2009లో చూపించారు. ఆ బలం తెలిసే కొద్దీ జాగ్రత్త కూడా పెరగాలని నా అభిప్రాయం. గిన్నెలో పెట్టే పిండి, డబ్బాలో ఉన్న పిండి ఒకే బస్తాలోంచి రావాలి. స్టాల్ కోసం విడిగా మెత్తగా ఆడించినది పెట్టడం మోసమే. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఆ వీలు లేదు గనక, డబ్బాతోపాటు ఒక చిన్న సాచెట్ పంపిస్తాం. ముందు అది వాడి చూసి, నచ్చకపోతే డబ్బా సీలు తీయకుండా వెనక్కి పంపొచ్చు.

ఇంకా మిగిలిపోయింది ఒకటుంది. తయారైన నెల. అది లేబుల్ మీద అచ్చయి ఉంటుంది, మా ఆడపడుచు చేతికి తెలియదు. మెత్తగా ఆడిన పిండి, ఈ ఊరి తేమలో ఎంత పాతదో తెలుసుకోవడం అవసరం. బ్రెయిల్‌లో వేద్దామంటే బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ నెల మారుతుంది, ప్రతిసారీ కొత్త స్క్రీన్ చేయించాలి. ఇప్పుడు ప్రయత్నిస్తున్నది ఇంకో దారి. లేబుల్ కింది అంచుని పన్నెండు భాగాలుగా అనుకుని, అతుకు దగ్గర వదిలిన సందుని జనవరిగా పెట్టుకుని, ఆ నెల వచ్చే చోట నింపేటప్పుడే చేతి పంచ్‌తో చిన్న గాటు కొట్టడం. సందు నుంచి గాటు దాకా వేలు జరిపితే నెల తెలియాలి. తనకి రెండు డబ్బాలిచ్చాం. జూన్, జూలై కలిసిపోతున్నాయంది, ఎందుకంటే అవి రెండూ సందుకి ఎదురు పక్కన, వేలికి ఆనవాలు లేని చోట పడుతున్నాయి. ఆ ఎదురు పక్కన ఇంకో సన్నటి గీత పెట్టి మళ్లీ ఇవ్వబోతున్నాం.